ప్రవక్త వెళ్లిపోయాక ఆ బరువు ఎవరిది?

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు. వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న సోదర సోదరీమణులకు, పిలవగానే వచ్చిన హిందూ, క్రైస్తవ మిత్రులకు నమస్కారాలు.

మొదలుపెట్టే ముందు ఒక మనవి. ప్రవక్తల పేర్లు, వారి సహచరుల పేర్లు ఎత్తినప్పుడల్లా వారికి శాంతి కలగాలని ప్రార్థించడం మా ఆనవాయితీ. ఈ గంటలో ఆ పేర్లు ఎన్నోసార్లు వస్తాయి. ప్రతిసారీ పైకి చెబుతూ పోతే మాట సాగదు. మీరు మనసులో అనుకోండి, నేనూ అనుకుంటాను.

నాకిచ్చిన అంశం ప్రవక్తల వారసులు. ఇస్లాం అనగానే అల్లాహ్, ప్రవక్త, ఖుర్ఆన్, ఐదు పూటల నమాజు గుర్తొస్తాయి. ప్రవక్త తర్వాత వచ్చినవాళ్ల సంగతి మనం చరిత్ర పుస్తకానికి వదిలేస్తాం. నిజానికి అది విశ్వాసానికి సంబంధించిన విషయం. ప్రవక్త బతికుండగా ఆయనకు వహీ వస్తుంది, అంటే దైవవాణి. అనుమానం వచ్చినవాడు నేరుగా వెళ్లి అడగొచ్చు. ఇద్దరు తగవు పడితే ఆయన తీర్పే ఆఖరు. మరి ఆయన కన్నుమూసిన మర్నాడు ఏమిటి? వహీ ఆగిపోయింది, తగవులు మాత్రం ఆగలేదు. ఆ మర్నాటి నుంచి ధర్మాన్ని ఎవరు మోస్తారు, ఏ హక్కుతో మోస్తారు, తప్పు చేస్తే వాళ్లను ఎవరు అడుగుతారు? ఈ మూడో ప్రశ్నను మనం తరచుగా మర్చిపోతుంటాం. నా మాటంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముహమ్మద్ ప్రవక్త ఈ విషయంలో చెప్పిన ఒక మాట బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. హదీసు అంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం. బనీ ఇస్రాయీల్, అంటే ఇశ్రాయేలు ప్రజల వ్యవహారాలను ప్రవక్తలే నడిపేవారట. ఒక ప్రవక్త చనిపోతే ఇంకో ప్రవక్త వచ్చేవాడు. "నా తర్వాత ప్రవక్త లేడు. ఖలీఫాలు ఉంటారు, చాలామంది ఉంటారు" అన్నారు ఆయన. ఖలీఫా అంటే ఒకరి తర్వాత ఆ స్థానంలో నిలబడేవాడు. "మరి మమ్మల్ని ఏం చేయమంటారు?" అని సహచరులు అడిగారు. ఎవరికి ముందు ప్రమాణం చేశారో వారి పట్ల ఆ మాట నిలబెట్టుకోండి, వారికి చెందాల్సిన హక్కు ఇవ్వండి, వారి చేతికి అప్పగించిన జనం గురించి అల్లాహ్ వారిని ప్రశ్నిస్తాడు అని జవాబిచ్చారు.

ఆ ఆఖరి ముక్క చూడండి. పాత రోజుల్లో ప్రవక్త తర్వాత ప్రవక్త వచ్చేవాడు, అతనికీ వహీ ఉండేది. ఇప్పుడు వచ్చేవాడికి వహీ లేదు. కొత్త మాట తెచ్చే అధికారం లేదు. ఉన్నమాటను కాపాడాలి, దాని ప్రకారం జనాన్ని నడపాలి, లెక్క చెప్పుకోవాలి. ముహమ్మద్ ప్రవక్తే ఆఖరి ప్రవక్త అని ఖుర్ఆన్ 33వ సూరా, అంటే అధ్యాయం, 40వ ఆయత్, అంటే వాక్యం, చెబుతుంది. అది ఇస్లాం విశ్వాసానికి మూలస్తంభం. ఆ తలుపు మూసుకుంది కాబట్టే వారసుల ప్రశ్న ముస్లింలకు అంత పెద్దదైంది.

అంతకుముందు ప్రవక్తల కాలంలో ఇది ఎలా నడిచిందో చూద్దాం. ఒక్క ఉదాహరణ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మదీనాలో జరిగినదంతా దాని వెలుగులోనే అర్థమవుతుంది.

మూసా, హారూన్. క్రైస్తవ మిత్రులకు మోషే, అహరోను. మూసా ప్రవక్త దేవుడు పిలిస్తే తూర్ కొండకు బయల్దేరారు. ముప్పై రాత్రుల గడువు. దేవుడు మరో పది కలిపితే నలభై అయింది. వెళ్తూ వెళ్తూ అన్న హారూన్‌తో ఇలా అన్నారు: "నా జనంలో నా స్థానంలో ఉండు. మంచి చెయ్యి. చెడగొట్టేవాళ్ల దారిన పోకు." ఇది ఏడో సూరా 142వ ఆయత్. ఇంతకంటే స్పష్టమైన అప్పగింత ఏముంటుంది? పైగా హారూన్ స్వయంగా ప్రవక్త. అన్నదమ్ములు. ఈజిప్టు రాజు ఫిరౌన్ ఎదుట కలిసి నిలబడినవాళ్లు.

నలభై రోజులు కూడా ఆగలేదు జనం. సామిరీ అనేవాడు నగలన్నీ కరిగించి ఆవుదూడ బొమ్మ చేశాడు, జనం దాని ముందు వంగారు. హారూన్ చెప్పారు: ఇది మీకు పరీక్ష, మీ ప్రభువు కరుణామయుడు, నా వెంట రండి, నా మాట వినండి అని. వాళ్ల జవాబు ఏమిటో తెలుసా? "మూసా తిరిగి వచ్చేదాకా దీన్ని వదిలిపెట్టం." మూసా వచ్చారు. దేవుడిచ్చిన ధర్మశాసనం పలకలను కోపంతో పక్కన పడేసి అన్న తల పట్టుకుని లాగారు. హారూన్ అన్న మాటలు వింటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. "నా తల్లి కొడుకా! ఈ జనం నన్ను అశక్తుణ్ని చేశారు. దాదాపు చంపేసేవాళ్లే. శత్రువులు నన్ను చూసి నవ్వేలా చెయ్యకు." ఇరవయ్యో సూరాలో ఇంకో మాట కూడా ఉంది: బనీ ఇస్రాయీల్‌ను చీల్చావని నువ్వు అంటావేమోనని భయపడ్డాను అంటారు. బైబిల్ నిర్గమకాండంలో దూడను చేసినది అహరోనే. ఖుర్ఆన్ ఆ నింద ఆయన మీద పెట్టదు. అడ్డుకున్నాడు, చేతకాలేదు అంటుంది.

వారసుడి కష్టమంతా ఈ ఒక్క ఘట్టంలో ఉంది. అధికారం ఇచ్చినవాడు దూరంగా ఉన్నాడు. జనం చూపు ఇంకా పోయినవాడి మీదే ఉంది. గట్టిగా పట్టుకుంటే జనం చీలిపోతారు, పట్టు వదిలితే ధర్మమే పోతుంది. దేవుడు ఎంచిన ప్రవక్తకే ఇంత ఇబ్బంది అయితే, వహీ లేని మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది! మూసా తర్వాత ఆ జనాన్ని పవిత్రభూమికి నడిపింది యూషా బిన్ నూన్ అని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. బైబిల్లో యెహోషువ. ఆయన మూసా కొడుకు కాదు, పక్కనే ఉండి నేర్చుకున్న శిష్యుడు. పద్దెనిమిదో సూరాలో రెండు సముద్రాలు కలిసే చోటికి మూసా వెంట నడిచిన యువకుడు ఆయనేనని హదీసు చెబుతుంది.

కొడుకు మాట వచ్చింది కాబట్టి ఇబ్రాహీం ప్రవక్త దగ్గరికి వెళ్దాం. దేవుడు ఆయన్ని పరీక్షించి, నిన్ను మనుషులకు ఇమామ్‌గా, అంటే నాయకుడిగా చేస్తున్నాను అన్నాడు. తండ్రి మనసు కదా, వెంటనే అడిగారు: "నా సంతతిలో కూడానా?" జవాబు: "నా వాగ్దానం దుర్మార్గులకు వర్తించదు." కుదరదని అనలేదు, సరేనని కూడా అనలేదు. షరతు పెట్టాడు. నూహ్ ప్రవక్త కొడుకు వరదలో మునిగిపోతుంటే "వాడు నా ఇంటివాడు కదా ప్రభూ" అని ఆయన మొరపెట్టుకుంటే, "వాడు నీ ఇంటివాడు కాడు" అన్నాడు దేవుడు.

మరి ప్రవక్తల పిల్లలు వారసులు కాలేదా అంటే, అయ్యారు. "సులైమాన్ దావూద్‌కు వారసుడయ్యాడు" అని ఇరవై ఏడో సూరాలో ఉంది. ముసలితనంలో జకరియా ప్రవక్త చేసిన ప్రార్థన పందొమ్మిదో సూరాలో ఉంది. ఎముకలు బలహీనపడ్డాయి, తల నెరిసి మెరుస్తోంది, నా తర్వాత నా బంధువులు ఏం చేస్తారోనని భయంగా ఉంది, నాకూ యాఖూబ్ వంశానికీ వారసుడయ్యే బిడ్డను ఇవ్వు అని. యహ్యా పుట్టారు. క్రైస్తవ మిత్రులు చెప్పే బాప్తిస్మమిచ్చు యోహాను. ఈ రెండు ఆయత్‌లనూ గుర్తుంచుకోండి. కాసేపట్లో ఒక పెద్ద వివాదంలో మళ్లీ వస్తాయి. అదే పందొమ్మిదో సూరా ప్రవక్తలందరినీ పొగిడి, వెంటనే, వారి తర్వాత నమాజును గాలికొదిలి కోరికల వెంట పడిన వారసులు వచ్చారు అంటుంది. వారసుడన్నంత మాత్రాన మంచివాడని ఖుర్ఆన్ ఎక్కడా హామీ ఇవ్వలేదు.

ఇక మదీనా. హిజ్రీ 11, క్రీస్తుశకం 632. ప్రవక్త తన భార్య ఆయిషా గదిలో కన్నుమూశారు. వార్త మసీదుకు చేరింది. ప్రవక్త సహచరుడు ఉమర్ కత్తి పట్టుకుని లేచారు. ప్రవక్త చనిపోలేదు, మూసా తన ప్రభువు దగ్గరికి వెళ్లి నలభై రాత్రుల తర్వాత తిరిగి వచ్చినట్టే వస్తారు, చనిపోయారన్నవాళ్ల సంగతి అప్పుడు తేలుతుంది అన్నారు. ఇబ్నె ఇస్హాఖ్ రాసిన ప్రవక్త చరిత్రలో ఈ మాట ఉంది. చూశారా, ఆ క్షణంలో ఆయనకు గుర్తొచ్చింది కూడా ఆ నలభై రాత్రులే.

ప్రవక్తకు దగ్గరి సహచరుడు అబూబక్ర్ ఊరి చివర సున్హ్ నుంచి గుర్రం మీద వచ్చారు. నేరుగా గదిలోకి వెళ్లి, ముఖం మీది గుడ్డ తీసి, వంగి ముద్దు పెట్టుకుని, ఏడ్చి, బయటికి వచ్చారు. "ముహమ్మద్‌ను ఆరాధించినవాళ్లు ఎవరైనా ఉంటే, ముహమ్మద్ చనిపోయారు. అల్లాహ్‌ను ఆరాధించేవాళ్లు ఎవరో, అల్లాహ్ బతికే ఉన్నాడు, ఆయనకు చావు లేదు." తర్వాత మూడో సూరా 144వ ఆయత్ చదివారు: ముహమ్మద్ ఒక ప్రవక్త మాత్రమే, ఆయనకు ముందూ ప్రవక్తలు గతించారు, ఆయన చనిపోతే మీరు వెనక్కి తిరిగిపోతారా? ఉమర్ కాళ్లు నిలవలేదు, కూలబడిపోయారు. ఆ ఆయత్ అప్పుడే దిగిందా అన్నట్టు జనం నోటి నోటా చదువుకుంటూ తిరిగారని ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ చెప్పారు.

నా దృష్టిలో ప్రవక్త వారసుడు చేసిన మొదటి పని అదే. ఇంకా ఖలీఫా కాలేదు, ఎవరూ ఎన్నుకోలేదు. పోయినవారు పోయారని జనానికి చెప్పగలిగారు. హారూన్ జనం "మూసా వచ్చేదాకా" అని మొండికేసిన చోట ఈ జనం ముందుకు కదిలారు.

ఆ రోజే సఖీఫా బనీ సాయిదా అనే పందిరి కింద అన్సార్లు, అంటే మదీనా స్థానికులు, సాద్ బిన్ ఉబాదాను నాయకుడిగా నిలపాలని గుమిగూడారు. అబూబక్ర్, ఉమర్, అబూ ఉబైదా అక్కడికి వెళ్లారు. మాటా మాటా పెరిగింది. మీ నుంచి ఒక అమీర్, మా నుంచి ఒక అమీర్ అనేదాకా వచ్చింది. చివరికి ఉమర్ అబూబక్ర్ చెయ్యి పట్టుకుని బైఅత్, అంటే విధేయతా ప్రమాణం చేశారు, మిగతావాళ్లూ చేశారు. అప్పుడు ప్రవక్త అల్లుడు అలీ, ప్రవక్త కుటుంబం అంత్యక్రియల ఏర్పాట్లలో ఉన్నారు. ఇది మర్చిపోకూడదు. ప్రవక్త తర్వాత నాయకత్వం అలీదేనని నమ్మే షియా సోదరుల బాధ అక్కడ మొదలవుతుంది.

మర్నాడు అబూబక్ర్ మసీదులో చేసిన చిన్న ప్రసంగం ఉంది. నన్ను మీ మీద నియమించారు, నేను మీలో శ్రేష్ఠుణ్ని కాను. మంచి చేస్తే సాయపడండి, తప్పు చేస్తే సరిచెయ్యండి. నేను అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ విధేయుడిగా ఉన్నంతకాలం నా మాట వినండి, నేను దారి తప్పితే వినక్కర్లేదు. గద్దెనెక్కిన తొలిరోజే, నన్ను దించే షరతు ఇదీ అని చెప్పిన పాలకుణ్ని మీరెంతమందిని చూశారో నాకు తెలియదు. ఎవరో ఆయన్ని "అల్లాహ్ ఖలీఫా" అని పిలిస్తే ఒప్పుకోలేదు. నేను అల్లాహ్ ప్రవక్తకు ఖలీఫాను అన్నారు.

ఆయన పాలించింది రెండేళ్ల మీద కొన్ని నెలలు. అన్నీ చెప్పను, రెండే చెబుతాను. ఒకటి ఉసామా సైన్యం. ప్రవక్త చివరి రోజుల్లో ఉసామా అనే ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండని కుర్రాడిని సేనాధిపతిని చేసి సిరియా వైపు వెళ్లమన్నారు. ఈలోపు ప్రవక్త పోయారు, తెగలు తిరగబడుతున్నాయి. సైన్యాన్ని ఆపండి, కనీసం పెద్దవాణ్ని పెట్టండి అన్నారు అందరూ. ప్రవక్త కట్టిన జెండాను నేను విప్పను అన్నారు అబూబక్ర్. ఊరి బయటిదాకా ఉసామా సవారీ పక్కన నడిచి వెళ్లి, "ఉమర్ నాకు ఇక్కడ అవసరం, నీకు అభ్యంతరం లేకపోతే ఉంచేస్తావా?" అని ఆ కుర్రాడినే అడిగారు.

రెండోది ఖుర్ఆన్. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాళ్లు చాలామంది చనిపోయారు. ఆ యుద్ధం ఎవరి మీద? ముసైలిమా మీద. నేనూ ప్రవక్తనే అని చెప్పుకున్న మనిషి. అంటే మూసుకున్న తలుపును మళ్లీ తట్టినవాడు. ఇలాగే యుద్ధాల్లో హాఫిజ్‌లు పోతూ ఉంటే ఖుర్ఆన్ భాగాలు పోతాయేమో, ఒకచోట రాయించండి అన్నారు ఉమర్. అబూబక్ర్ వెనకాడారు. "ప్రవక్త చెయ్యని పని నేనెలా చెయ్యను?" చాలా చర్చించాక ఒప్పుకుని జైద్ బిన్ సాబిత్‌ను పిలిపించారు. జైద్ కూడా అదే ప్రశ్న వేశారు. కొండను కదిలించమన్నా ఇంత బరువనిపించేది కాదు అన్నారాయన. ఖర్జూర మట్టల మీద, పలుచని రాళ్ల మీద రాసినవీ, మనుషుల గుండెల్లో ఉన్నవీ వెతికి కూర్చారు. ఆ ప్రతులు అబూబక్ర్ దగ్గర, తర్వాత ఉమర్ దగ్గర, ఆయన తర్వాత ఆయన కూతురు, ప్రవక్త భార్య హఫ్సా దగ్గర ఉన్నాయి. ఉస్మాన్ కాలంలో వాటిని ఆధారం చేసుకునే నకళ్లు రాయించి పట్టణాలకు పంపారు. ఒక స్త్రీ ఇంట్లో ఖుర్ఆన్ ప్రతి భద్రంగా ఉంది. వారసుల జాబితా రాసేటప్పుడు హఫ్సా పేరు ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కష్టమైన భాగం. నేను అబూబక్ర్ ఎన్నికను ఒప్పుకునే సున్నీ కుటుంబంలో పుట్టినవాణ్ని. సభలో షియా సోదరులున్నారు. వాళ్ల నమ్మకాన్ని వాళ్లు చెప్పుకునేట్టే చెప్పాలని నా ప్రయత్నం.

హిజ్రీ 10, జిల్‌హిజ్జా 18. ఆఖరి హజ్ ముగించుకుని వస్తూ ప్రవక్త మక్కా మదీనాల మధ్య గదీర్ ఖుమ్ అనే నీటి మడుగు దగ్గర అందరినీ ఆపారు. అలీ చెయ్యి పట్టుకుని, నేను ఎవరికి మౌలానో అలీ వారికి మౌలా అన్నారు. ఈ హదీసును సున్నీలూ ఉల్లేఖించారు, షియాలూ ఉల్లేఖించారు. మాట ఒకటే, అర్థం దగ్గర దారులు చీలాయి. ఆప్తుడు, అభిమానించాల్సినవాడు అని సున్నీలు తీసుకున్నారు. నాయకుడు, నా తర్వాత అధికారం ఆయనదే అని షియాలు తీసుకున్నారు. షియాల వాదన బలం ఇక్కడుంది: ప్రవక్తను ఎన్నుకునేది జనం కాదు కదా, దేవుడు. అలాంటప్పుడు ఆయన పనిని కొనసాగించే ఇమామ్‌ను జనం ఎలా ఎన్నుకుంటారు? దేవుడే ఎంచాలి, ప్రవక్త ద్వారా చెప్పాలి, ఆ ఇమామ్ పాపం లేనివాడై ఉండాలి. లేకపోతే ధర్మాన్ని తప్పుగా వివరించే ప్రమాదం ఉంది. అందుకే వాళ్లకు ఇమామత్ విశ్వాస మూలాల్లో ఒకటి. అలీ నుంచి మొదలై పన్నెండుగురు ఇమామ్‌లు. పన్నెండో ఇమామ్ మహదీ హిజ్రీ 260లో కనుమరుగయ్యారని, ఇంకా బతికే ఉన్నారని, తిరిగి వస్తారని ఇస్నా అషరీ, అంటే పన్నెండుగురు ఇమామ్‌లను నమ్మే షియాల నమ్మకం. ఇస్మాయిలీల వరస ఆరో ఇమామ్ జాఫర్ సాదిఖ్ తర్వాత వేరే దారి పట్టింది. మనం సికింద్రాబాద్‌లో చూసే బోహ్రాలు ఆ శాఖవాళ్లే.

సున్నీల నమ్మకంలో ఖలీఫా తప్పు చెయ్యగల మనిషే. అతన్ని నిలబెట్టేది సముదాయం. ప్రవక్త చివరి జబ్బులో నమాజు చదివించమని అబూబక్ర్‌కు చెప్పడాన్ని వాళ్లు పెద్ద సూచనగా తీసుకుంటారు.

ఒకే హదీసు రెండు రకాలుగా ఎలా చదవబడిందో చూడటానికి తబూక్ ప్రయాణం కంటే మంచి ఉదాహరణ లేదు. హిజ్రీ 9లో తబూక్ వెళ్తూ ప్రవక్త అలీని మదీనాలో వదిలి వెళ్లారు. స్త్రీలతో, పిల్లలతో నన్ను వదిలేస్తున్నారా అని అలీ బాధపడితే, "మూసాకు హారూన్ ఎలాగో నాకు నువ్వు అలాగ. ఇది నీకు తృప్తి కాదా? ఒక్కటే తేడా, నా తర్వాత ప్రవక్త లేడు" అన్నారు. బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. హారూన్‌కున్న స్థానాల్లో ప్రవక్త పదవి ఒక్కటే మినహాయించారు, మిగతావన్నీ, వారసత్వంతో సహా, అలీకి వచ్చాయి అంటారు షియా పండితులు. హారూన్ మూసా కంటే ముందే చనిపోయారు, ఆయన వారసత్వం ఆ నలభై రాత్రులకే, అలీది తబూక్ యాత్ర ముగిసేదాకే అంటారు సున్నీ పండితులు. మళ్లీ ఆ కొండ, ఆ నలభై రాత్రులు.

ఫదక్ తోట గొడవా ఇలాంటిదే. ప్రవక్త కూతురు ఫాతిమా తన తండ్రి ఆస్తిలో వాటా అడిగారు. ప్రవక్తల ఆస్తికి వారసులుండరు, మేం వదిలింది సదఖా, అంటే దానం అని ప్రవక్త చెప్పగా విన్నానంటూ అబూబక్ర్ ఇవ్వలేదు. ఇందాక గుర్తుంచుకోమన్న ఆయత్‌లు ఇక్కడికి వస్తాయి. సులైమాన్ దావూద్‌కు వారసుడు కాలేదా, జకరియా వారసుణ్ని అడగలేదా అన్నది షియా వాదన. అక్కడ వారసత్వం అంటే ప్రవక్త పదవి, జ్ఞానం అన్నది సున్నీ వాదన. ఫాతిమా ఆ విషయంలో నొచ్చుకుని అబూబక్ర్‌తో మాట్లాడలేదని, ఆరు నెలలకు కన్నుమూశారని, ఆ తర్వాతే అలీ బైఅత్ చేశారని బుఖారీలోనే ఆయిషా చెప్పిన కథనం ఉంది. మా వాళ్లలో కొందరు ఈ హదీసును వేదికల మీద చదవరు. చదవాలనే నేనంటాను. ఆ తరంవాళ్లు మనుషులు, వాళ్లకూ నొప్పి ఉంది. దాన్ని దాచి గౌరవించక్కర్లేదు.

తర్వాతి కథ వేగంగా చెబుతాను. అబూబక్ర్ ఉమర్ పేరు చెప్పి వెళ్లారు. ఉమర్ 644లో కత్తిపోట్లకు గురై, ఆరుగురితో ఒక సంఘం వేశారు. తన కొడుకు అబ్దుల్లాను సలహాకు రానిచ్చారు గానీ పదవికి మాత్రం వీల్లేదన్నారు. ఉస్మాన్ 656లో తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. అలీ 661లో కూఫా మసీదులో దెబ్బతిని చనిపోయారు. ఆయన తర్వాత ఖలీఫా అయిన కొడుకు హసన్ కొన్ని నెలలకు పదవి వదిలి, సిరియా పాలకుడు ముఆవియాతో ఒప్పందం చేసుకున్నారు. ఖిలాఫత్ ముప్పై ఏళ్లు, తర్వాత రాచరికం అని ఒక హదీసు ఉంది. లెక్క వేస్తే అక్కడికి సరిపోతుంది. ముఆవియా తన కొడుకు యజీద్‌ను వారసుణ్ని చేశారు. హసన్ తమ్ముడు హుసైన్ ఒప్పుకోలేదు. 680, ముహర్రం పదో రోజు, కర్బలాలో ఆయన్ని చంపేశారు.

ఆ కర్బలా జ్ఞాపకంగానే మన తెలుగు పల్లెల్లో పీర్ల పండుగ చేస్తారు. గుండం తవ్వుతారు, పీర్లను ఎత్తుకుంటారు. చాలా ఊళ్లలో ఎత్తుకునేది హిందువులే. ఇస్లాంలో దానికి చోటుందా లేదా అన్న తగవు వేరు. అందులోకి ఈ రోజు దిగను. కానీ పీరు ముందు చెంబెడు నీళ్లు పోసే ముసలమ్మకు తెలియకపోవచ్చు, తాను ప్రవక్త వారసత్వం గురించిన తగవులో ఒక పక్షాన దుఃఖిస్తోందని. షియాలైన కుతుబ్‌షాహీలు హైదరాబాద్ కట్టిన తొలి రోజుల్లోనే ముహర్రం సంతాపానికి బాద్‌షాహీ ఆషుర్‌ఖానా అనే మందిరం కట్టారు. కర్బలా మన దాకా ఆ దారిలోనే వచ్చింది.

రాచరికమైపోయినా ఖలీఫా అనే పేరు పోలేదు. ఉమయ్యాలు, అబ్బాసీలు, చివరికి టర్కీ ఉస్మానీలు. 1924 మార్చి 3న అంకారాలోని శాసనసభ ఆ పదవినే రద్దు చేసింది. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కుటుంబంతో ఐరోపాకు వెళ్లిపోయారు. ఆయనకు డబ్బు పంపింది మన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆ ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌కు నిజాం పెద్దకొడుకు ఆజం జాతో, అదే వంశపు నీలోఫర్‌కు రెండో కొడుకు మొఅజ్జం జాతో పెళ్లి జరిగింది. పిల్లలకు జ్వరమొస్తే మనం పరుగెత్తే నీలోఫర్ ఆసుపత్రి పేరు ఆవిడదే. ఆ వంశం నుంచి మనకు మిగిలింది పిల్లల ఆసుపత్రి. రాజవంశాల్లో చాలావాటికి ఆ మాత్రం కూడా మిగలలేదు.

గద్దె పోయింది. వారసత్వం పోయిందా? ఇక్కడ ఖలీఫాలు, షియా ఇమామ్‌లు కాక మూడో రకం వారసుల గురించి చెప్పాలి. వీళ్లను సున్నీలూ షియాలూ ఇద్దరూ ఒప్పుకుంటారు.

ప్రవక్త సహచరుడు అబూ దర్దా డమాస్కస్ మసీదులో కూర్చుని ఉండగా మదీనా నుంచి ఒకతను వచ్చాడు. మీరు ప్రవక్త నుంచి ఒక హదీసు చెబుతారని విన్నాను, దాని కోసం వచ్చాను అన్నాడు. వ్యాపారం మీద వచ్చావా? లేదు. ఇంకేదైనా పని ఉందా? లేదు. ఒక్క హదీసు కోసం అంత ఎడారి దాటి వచ్చాడని తేల్చుకున్నాక అబూ దర్దా చెప్పారు: పండితులు ప్రవక్తల వారసులు. ప్రవక్తలు దీనార్లూ దిర్హమ్‌లూ వదిలి వెళ్లరు, జ్ఞానాన్ని వదిలి వెళ్తారు. దాన్ని అందుకున్నవాడు పెద్ద వాటా అందుకున్నట్టే.

ఈ వాటాకు ఎన్నిక అక్కర్లేదు, వంశం అక్కర్లేదు. ఆయిషా నుంచి 2,210 హదీసులు వచ్చాయని పండితుల లెక్క. పెద్ద పెద్ద సహచరులు చిక్కు ప్రశ్న వస్తే ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్లేవాళ్లు. అయితే ఈ వారసులను కూడా అడగాల్సిందే. నేను ప్రవక్త వారసుణ్ని అని బోర్డు పెట్టుకుని, తావీజుకు రేటు కట్టి, యూట్యూబ్‌లో ఎదుటి వర్గాన్ని తిట్టి లైకులు ఏరుకునేవాళ్లను మీరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. అబూబక్ర్ "నేను తప్పు చేస్తే సరిచెయ్యండి" అన్నది వీళ్లకు వర్తించదని ఎవరు చెప్పారు?

ఇంకోవైపు కూడా ఉంది, అది మన తప్పు. ఖలీఫా అయిన మర్నాడు అబూబక్ర్ భుజాన బట్టల మూట వేసుకుని బజారుకు బయల్దేరారు. ఆయన బట్టల వ్యాపారి. దారిలో ఉమర్, అబూ ఉబైదా కనిపించి, ఎక్కడికి అన్నారు. అమ్ముకోకపోతే ఇంట్లోవాళ్లకు తిండి ఎక్కడిది అన్నారాయన. అప్పుడు ప్రజాధనం నుంచి ఆయనకు భత్యం ఏర్పాటు చేశారు. బాధ్యత మోసేవాడి ఇల్లు గడవడం సముదాయం పూచీ అని వాళ్లకు ఆ రోజే అర్థమైంది.

మన ఊళ్లలో మసీదులో నమాజు చదివించే ఇమామ్ సాబ్‌కు ఎంతిస్తున్నాం? తెల్లవారక ముందే ఫజ్ర్ చదివిస్తాడు, పగలంతా పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతాడు, రాత్రి ఇషా దాకా ఉంటాడు, మధ్యలో చావుకూ పెళ్లికీ ఆయనే కావాలి. మసీదు వెనక ఒక గది, చేతిలో ఖర్చులకు చాలని జీతం, అదీ చందాలు వసూలయ్యాక. పెళ్లిలో బిర్యానీ దేగిసాల సంఖ్య తగ్గితే పరువు పోతుందని టెన్షన్ పడే మనం, ఇమామ్ జీతం రెండు నెలలు బాకీ ఉంటే పట్టించుకోం. కమిటీ పెద్దలు ముగ్గురు ముందు వరసలోనే కూర్చున్నారు. ఈ నెల నుంచి ఐదో తారీఖు లోపల జీతం ఇచ్చేట్టు, ఏడాదికోసారి పెంచేట్టు తీర్మానం చెయ్యమని వాళ్లను అందరి ముందూ అడుగుతున్నాను. ఇమామ్ సాబ్ చదివించే దాంట్లో తప్పుంటే అదీ ఆయన్ని కూర్చోబెట్టి అడగండి, ఆయన లేనప్పుడు టీకొట్టు దగ్గర కాదు.

ఇషాకు ఇంకా అరగంట ఉంది. షియా సోదరులు నేను చెప్పినదాంట్లో ఏదైనా సరిచెయ్యాలనుకుంటే ముందు మైకు వాళ్లకివ్వండి. తర్వాత మిగతావాళ్ల ప్రశ్నలు తీసుకుంటాను.